దుబాయ్ చెద్దరులో బ్రిటిష్ సామ్రాజ్యం

చరిత్ర అధ్యాపకుడిగా నేను ముప్పై ఎనిమిదో ఏట పదవీ విరమణ చేశాను. పదవి అంటూ ఎప్పుడూ లేకపోవడం వల్ల విరమణ చాలా సులువుగా జరిగింది. శాలువా లేదు, సన్మాన పత్రం లేదు. చివరి రోజు అటెండరు వచ్చి, "హిస్టరీ సార్, గా కుర్సీ కంప్యూటర్ రూముల కావాల్నట, జర లేస్తరా" అన్నాడు. లేచాను. వీడ్కోలు సభ అంతటితో ముగిసింది.

కొన్నేళ్లుగా నిజామాబాద్‌లో మా బామ్మర్ది టైల్స్ దుకాణంలో కూర్చుంటున్నాను. గిరాకీ లేనప్పుడు, ఈ టైల్ ఏ దేశం నుంచి వచ్చింది, ఆ దేశం వాళ్లకు ఈ విద్య ఎవరు నేర్పారు అని ఆలోచిస్తాను. గిరాకీ ఉన్నప్పుడు పైకి ఆలోచిస్తాను. అందుకని బామ్మర్ది నన్ను గోడౌన్ వైపు కూర్చోబెట్టాడు.

పోయిన వారం ఒక పాత విద్యార్థిని ఫోన్ చేసింది. నేను వదిలిన పనిలోనే చేరబోతోంది. "మొదటి క్లాసుల ఏం చెప్పాలె సార్?" అని అడిగింది. జవాబు మొదలుపెట్టేలోగా బాత్రూమ్ టైల్స్ కోసం ఒకాయన వచ్చాడు. అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్ల సంగతి వదిలేస్తున్నాను. నిరాడంబరత అనుకోకండి, రాలేదు.

చివరి గది

మాది బోధన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వెళ్లేవాడిని. వరండా చివర, నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న గది చరిత్ర గ్రూపుది. ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా గోడ పటాల్లోని మా మొగలులు తడిసేవారు.

మా గ్రూపులో చేరేవాళ్లు రెండు రకాలు. వేరే గ్రూపులో సీటు రానివాళ్లు ఒకరు, వేరే గ్రూపు ఉందని తెలియనివాళ్లు మరొకరు. ఇష్టపడి చేరినవాళ్లు అరుదు. రెంజల్ నుంచి వచ్చే లావణ్య అలాంటి పిల్ల. ఎందుకు చేరావమ్మా అంటే, "అన్ని ముచ్చట్లు గిండ్లనే ఉంటయి గద సార్" అంది. అంతకన్నా మంచి కారణం నేను ఏ విశ్వవిద్యాలయంలోనూ వినలేదు. నేనైతే బస్సు పాసు కోసం చేరాను.

ప్రిన్సిపాల్ రాజేశ్వర్ సార్ కామర్స్ మనిషి. మంచివాడే. అయితే ప్రపంచంలోని ఏ విషయం మీదైనా ఆయన దగ్గర ఒకటే ప్రశ్న ఉండేది: "దీనికి జాబ్ ఉంటదా?" అశోకుడి గురించి చెప్పినా అదే, అక్బర్ గురించి చెప్పినా అదే. వాళ్లిద్దరికీ జాబ్ ఉండేది సార్ అని ఒకసారి అన్నాను. ఆ ఏడాది నాకు డస్టర్ ఇవ్వలేదు.

అద్దం చేతికొచ్చింది

సిలబస్ మారింది. రాజుల వరసలు, యుద్ధాల వరసలు తగ్గించి, దేశ చరిత్రను ప్రపంచంతో కలిపి చూడాలన్నారు. దానికి సామ్రాజ్యాన్ని ఒక కళ్లజోడు అద్దంలా వాడాలన్నారు. దేశం తలుపులు మూసుకున్న ఇల్లేమీ కాదు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరిని ఎక్కడికి పంపారు, ఏ పంట ఏ రేవులో దిగింది, ఎవరి అప్పడాలు ఎవరి నూనెలో వేగాయి, ఇవన్నీ చూడాలి. హైదరాబాద్‌లో మాకు వారం రోజులు శిక్షణ ఇచ్చారు. ఒక ప్రొఫెసరు చెంచాడు చక్కెర పట్టుకుని దాంట్లో మూడు ఖండాలు చూపించాడు. నేను ముగ్ధుడినై ఇంటికి వచ్చాను.

ఆ ముగ్ధత్వంలో మరిచిపోయిన విషయం ఒకటుంది. నేను చెప్పబోయేది బోధన్‌లో. నిజాం కాలంలో కట్టిన చక్కెర ఫ్యాక్టరీ, చుట్టూ చెరుకు, ఆ తరవాత ఫ్యాక్టరీ మూత, చెరుకు పోయి వరి. బోధన్‌లో చక్కెర గురించి చెప్పడమంటే కోడలికి అత్తగారి గురించి చెప్పడమే. వాళ్లకు మనకంటే ఎక్కువ తెలుసు, పైగా కోపం కూడా ఉంది.

మొదటి క్లాసులోనే మాక్లూర్ సాయికిరణ్ చెయ్యెత్తాడు. ఈ అబ్బాయి చెయ్యెత్తడం సాధారణంగా బయటికి వెళ్లడానికే.

"సార్, మన దగ్గర నిజాం గద పాలించింది. బ్రిటిషోళ్లు ఏడికెళ్లి వచ్చిండ్రు?"

"నిజాం ఇంటి యజమాని. బ్రిటిష్ రెసిడెంటు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న అల్లుడు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?"

"మామ పేరు మీద."

"కూర ఏం వండాలో ఎవరు చెబుతారు?"

సాయికిరణ్ ఎత్తిన చెయ్యి దించాడు. "మా బావ చెప్తడు సార్," అన్నాడు. ఆ ఒక్క మాటతో పరోక్ష పాలన అనే అధ్యాయం పూర్తయింది. సిలబస్‌లో దానికి ఎనిమిది పీరియడ్లు ఇచ్చారు.

ఆ రోజు చెరుకు తోటలకు మనుషులను ఎలా తరలించారో చెప్పాను. ఇంగ్లండులో చాయ్ తియ్యగా ఉండటానికి ఫిజీలో, మారిషస్‌లో, దక్షిణాఫ్రికా నాటల్‌లో చెరుకు నరికినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఏజెంటు ఊళ్లోకి వస్తాడు. కాగితం మీద వేలిముద్ర వేయిస్తాడు. ఓడ ఎక్కిస్తాడు. క్లాసంతా నిశ్శబ్దంగా వింది. నా జీవితంలో అదే మొదటిసారి. వాళ్లు ఎందుకంత శ్రద్ధగా విన్నారో నాకు అప్పుడు తట్టలేదు. నా గొంతు బాగుందనుకున్నాను.

అద్దం పెట్టుకుని నిద్రపోకూడదు

కొత్తగా చేరేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ అద్దం ఒకసారి పెట్టుకుంటే తియ్యడం కష్టం.

ఇంట్లో మా ఆవిడ స్వరూప చాయ్ ఇచ్చింది. కప్పును వెలుతురుకు పట్టి, "దీని వెనక ఎంత చరిత్ర ఉందో తెలుసా," అని మొదలుపెట్టాను.

"ఓ సారూ, దాని ఎనుక నేనున్న. పొద్దుగాల్ల లేసి కాశిన. తాగుతవా, పారబొయ్యాల్నా?"

తాగాను.

పిల్లలకూ అంటుకుంది. ఆ సెమిస్టరు జవాబు పత్రాల్లో వానలు పడకపోవడానికి కారణం సామ్రాజ్యవాదం. బోధన్ బస్సు ఆలస్యానికి కారణం సామ్రాజ్యవాదం. గౌతమ బుద్ధుడు ఇల్లు విడిచి వెళ్లడానికి కూడా అదే. సాయికిరణ్‌ను హాజరు తక్కువైందేమని అడిగితే, "వలస పాలన ప్రభావం సార్" అన్నాడు. తప్పు వాళ్లది కాదు. అన్ని తాళాలకూ పట్టే చెవి నేనే చేతిలో పెట్టాను. ఏ ప్రశ్నకైనా అదే జవాబు సరిపోతుంటే మీరు పాఠం చెప్పడం మానేసి మంత్రం చెబుతున్నారని తెలుసుకోండి. మంత్రానికైతే దక్షిణన్నా వస్తుంది.

కంప్యూటర్లకు గది కావాలి

లావణ్య మొదటి ఏడాది పూర్తి చేసిన వేసవిలో ప్రిన్సిపాల్ నన్ను పిలిచాడు.

"హిస్టరీ సార్, చైర్మన్ సాబ్ గ్రూపు బంద్ చేద్దామంటున్నడు. మీ రూముల కంప్యూటర్లు వెడ్తరట."

"ఉన్న పిల్లలు?"

"నిజామాబాద్ కాలేజీకి ట్రాన్స్‌ఫర్. నా చేతుల ఏం లేదు. వచ్చే వారం సాబ్ వస్తున్నడు. ఏమన్న చూపెట్టుకుంటే చూపెట్టుకోండ్రి."

పిల్లలతో పాటు నన్నూ అక్కడికే పంపుతారనుకున్నాను కాబట్టి నాకేం కాదు, నేను నిజామాబాద్ వాడినే, బస్సు చార్జీ మిగులుతుంది. లావణ్యకే అసలు చిక్కు. వాళ్ల అవ్వ, అంటే అమ్మ, ఎప్పుడో గీత గీసి పెట్టింది. "బోధన్ దాక అయితే సదువు. నిజామాబాద్ అంటే రెండు బస్సులు మారాలె. పొద్దుగూకినంక నీకోసం రోడ్డు మీద ఎవరు నిలవడాలె? మీ బాపు దుబాయ్‌ల ఉన్నడాయె. గ్రూపు పోతే ఇంట్లుండు." మాటలు ఆ పిల్లే నాకు చెప్పింది, ఏడవకుండా, వాతావరణ సమాచారం చెప్పినట్టు. గ్రూపు పోతే ఆమె డిగ్రీ పోయినట్టే.

చైర్మన్ సాబ్ ఒకప్పుడు చెరుకు రైతు. తరవాత ఫంక్షన్ హాలు కట్టాడు, ఆ తరవాత కాలేజీ కట్టాడు. రెండిటికీ ఒకే రంగు వేయించాడు. వయసులో ఉండగా మస్కట్‌లో కొన్నేళ్లు ఇటుకలు మోశాడని అందరికీ తెలుసు. ఆయన మాత్రం "ఫారిన్ ఎక్స్‌పీరియెన్స్" అంటాడు.

నేను ప్రదర్శన పెట్టాలని నిర్ణయించాను. బోర్డు మీద నోటీసు రాశాను: "మీ ఇంట్లో సముద్రం దాటి వచ్చిన పాత వస్తువు ఒకటి తీసుకురండి. దాని వెనక ఉన్న సామ్రాజ్యాన్ని వివరించండి." తాతల నాటి లాంతరు వస్తుందనుకున్నాను, పింగాణీ జాడీ వస్తుందనుకున్నాను, ఎవరింట్లోనైనా ఇంగ్లండు గోడగడియారం ఉండకపోదనుకున్నాను.

ప్రదర్శన

ఆ పొద్దున గదిలోకి వెళ్లేసరికి బెంచీల మీద మందపాటి దుప్పట్లు, అవే దుబాయ్ చెద్దర్లు, ఆరేసి ఉన్నాయి.

ఇంటికొకరు గల్ఫ్‌లో కూలికి పోయిన మా జిల్లాలో సముద్రం దాటి వచ్చిన వస్తువంటే ఇంకేముంటుంది? తప్పు మళ్లీ నాదే. ఎర్ర చెద్దరు మీద పులి, నీలం చెద్దరు మీద పులి, గోధుమ రంగు చెద్దరు మీద రెండు పులులు. వాటి మధ్య ఫ్లాస్కు, టార్చిలైటు, అత్తరు సీసా, తలనొప్పి మందు డబ్బా. వెనక గోడకు నేను రాయించిన బ్యానరు: "మన ఇళ్లలో సామ్రాజ్యం." దూరం నుంచి చూస్తే చలికాలం ఆఫరులా ఉంది.

చైర్మన్ సాబ్ రావడానికి ఎక్కువ సమయం లేదు. నాకు ఒక మెరుపు మెరిసింది. మెరుపులను నమ్మకండి. కాగితం లాక్కుని, ఆనాటి ఓడలకూ ఈనాటి విమానాలకూ ముడిపెడుతూ గబగబా ఒక ఉపన్యాసం రాసి లావణ్య చేతికిచ్చాను. "నాటి బానిస నౌకల నుంచి నేటి బానిస విమానాల దాకా" అన్న వాక్యానికి నేనే కొంచెం చలించాను కూడా.

లావణ్య చదివింది. "సార్, మా బాపు ఫ్లైటుల కిటికీ సీటు అడిగి మరీ కూసున్నడు. బానిస అని ఎట్లంట?"

"అది ఒక పోలికమ్మా."

"పోలికైనా మా బాపే గద సార్. ఫ్యాక్టరీల సీజన్ పని చేసేటోడు. బంద్ అయినంక పోయిండు. కొంచెం ఇష్టంతోని, కొంచెం మజ్బూరై, గతిలేక. గా ఫిజీ పోయినోళ్లు సుత గంతేనేమో. మీరు అడిగిండ్రా వాళ్లను?"

"వాళ్లు పోయి శతాబ్దం దాటింది."

"మా బాపు ఉన్నడు గద. ఇయ్యాల సెలవే. అడుగుండ్రి." ఫోన్ తీసి వీడియో కాల్ కలిపింది.

బనీనుతో ఒక పెద్దమనిషి, ఆయన వెనక ఇంకో నలుగురి మంచాలు కనిపించాయి. సామ్రాజ్యం గురించి మీ అభిప్రాయమేమిటని అడిగాను. నేను అడిగానే గానీ, అలాంటి ప్రశ్న నన్నెవరైనా సెలవు రోజు అడిగితే కాల్ కట్ చేసేవాడిని.

"గదేందో నాకెర్క లేదు సార్. ఈడ సేఠ్ ఒక దేశపోడు, ఇంజినీర్ ఒక దేశపోడు, వండేటోడు నేపాలోడు. మమ్ముల ఒర్రేటోడు మాత్రం మన జగిత్యాలోడే."

ఇది సిద్ధాంతమేమీ కాదు. జగిత్యాల మనిషి మీద ఆయనకున్న సొంత కోపం. కానీ ఓడల కాలంలోనూ కూలీల మీద అరవడానికి కూలీల్లోంచే ఒకడిని సర్దారుగా పెట్టేవారు. ఆ సంగతి నేను క్లాసులో చెప్పడం మరిచిపోయాను. లావణ్య నా ఉపన్యాసాన్ని మడిచి ఫ్లాస్కు కింద పెట్టింది. ఫ్లాస్కు కారుతోంది.

అప్పుడే చైర్మన్ సాబ్ లోపలికి వచ్చాడు. వెనక ప్రిన్సిపాల్.

"ఏందిది హిస్టరీ సార్? ఎగ్జిబిషనా, అంగడా?"

నేను నోరు తెరిచేలోగా ఆయన ఎర్ర చెద్దరు దగ్గర ఆగిపోయాడు. చేత్తో నిమిరాడు. పులి ముఖం మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"గిసొంటిదే మా అవ్వకు తెచ్చిన, మస్కట్‌కెళ్లి. కప్పుకోవే అంటే కప్పుకోలే. మాసిపోతదని పెట్టెల వెట్టుకున్నది. ఆఖరికి పోయిన్నాడు కప్పినం."

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీశాడు. ఇలాంటి క్షణాల్లో ఏం చెయ్యాలో ఏ శిక్షణలోనూ నేర్పరు.

బెంచీ మీది ఫోన్ లోంచి గొంతు వినిపించింది. "బిడ్డా, ఎవరు పోయిండ్రే? సార్ మంచిగనే ఉన్నడా?"

కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. చైర్మన్ సాబే ముందు నవ్వాడు. ఫోన్ అందుకుని, "మీ సార్ ఉన్నడు తియ్యి. మా అవ్వ ముచ్చట, పాతది. నువ్ పండుకో అన్నా," అని ఇచ్చేశాడు. తరవాత చెద్దరు అంచు తిప్పి చీటీ చదివాడు.

"కొరియా అని ఉన్నది. కొరియోళ్లు మనల్ని ఎన్నడేలిండ్రు? దీంట్ల సామ్రాజ్యం ఏడున్నది?"

న్యాయమైన ప్రశ్న. నా అద్దంలో ఆ చీటీ పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "కొరియా ఏలలేదు సాబ్. మీరు మస్కట్ పోయిన దారి మాత్రం పాతది. ఒకప్పుడు ఆ గల్ఫ్ రేవుల మంచీచెడూ చూసింది ఇండియాలో కూర్చున్న బ్రిటిష్ సర్కారే. చాలాకాలం అక్కడి బజార్లలో మన రూపాయే నడిచింది. దారి వాళ్లు తమ పని కోసం వేశారు. వాళ్లు పోయారు, దారి ఉంది. దాని మీద మీరు పోయారు, కొరియా చెద్దరు వచ్చింది. చెద్దరు సంగతి సామ్రాజ్యం చెప్పదు, దారి సంగతి చెబుతుంది."

"మన రూపాయి నడిచిందా ఆడ?" ఆయన ముఖం వెలిగింది. "నాకెవ్వరు చెప్పలే. సేఠ్‌తోని అనేటోన్ని." కాసేపు ఆ ఊహలో ఉండి తేరుకున్నాడు. "మంచిగ చెప్పినవ్. గని సార్, దీనికి జాబ్ ఉంటదా?"

ప్రిన్సిపాల్ ముఖంలో గురువు గర్వం కనిపించింది.

లావణ్య ముందుకొచ్చింది. "సాబ్, మా బాపు ఆడికి ఎట్ల వోయిండో నేను ఈడ సదువుకుంటున్న. నిజామాబాద్ పొమ్మంటే మా అవ్వ పంపది. ఇంట్లుంటె నాకు గీ జాబ్ ఉండదు, ఇంకో జాబ్ ఉండదు. గంతే."

చైర్మన్ సాబ్ ఆమెను చూశాడు, చెద్దరును చూశాడు, నన్ను మాత్రం చూడలేదు.

"కొత్తోళ్లను తీసుకోం. ఉన్నోళ్లను ఎల్లగొట్టం. గీ పిల్ల ఆఖరి పరీక్ష రాసేదాక రూము గిట్లనే ఉంటది."

"మరి కంప్యూటర్లు సార్?" అన్నాడు ప్రిన్సిపాల్.

"అవి ఏమన్న పరీక్ష రాస్తయా? డబ్బలల్ల ఉండనీ."

నేను చప్పట్లు కొట్టాను. ఆ తీర్పులో నా ఉద్యోగానికి కూడా ఆఖరి తేదీ పడిందని బస్సులో, డిచ్‌పల్లి పోయే పెళ్లిబృందం మధ్య నిలబడి ఉండగా తట్టింది.

మిగిలింది

ఆ తరవాతి రెండేళ్లూ నేను చెప్పినవే నా వృత్తిలో మంచి పాఠాలు. పిల్లలు తగ్గారు, మంత్రాలు తగ్గాయి. పసుపు పాఠమప్పుడు లావణ్య వాళ్ల పొలానికి వెళ్లాం. ఉడికిన పసుపు వాసనలో సామ్రాజ్యం ఉందా లేదా అని వాదించుకున్నాం. లేదని తేలింది. ధరలో ఉండొచ్చని సాయికిరణ్ అన్నాడు. అతను ఆఖరి సెమిస్టరులో హాజరు పూర్తి చేశాడు. వలస పాలన అప్పటికి ముగిసినట్టుంది. చివరి పరీక్ష రోజు లావణ్య పెన్ను మూత పెట్టిన కాసేపటికే అటెండరు కుర్చీ కోసం వచ్చాడు.

పై చదువుకు హైదరాబాద్ హాస్టల్ అంటే ఆమె అవ్వ వెంటనే ఒప్పుకుంది. నిజామాబాద్‌కు వద్దని హైదరాబాద్‌కు ఎలా పంపావమ్మా అని అడిగితే, "గాడికి ఒక్కటే బస్సు గద సార్" అంది. భౌగోళిక చరిత్ర రాసేవాళ్లు గమనించాలి.

కొత్తగా చేరేవాళ్లకు నా దగ్గరున్న సలహా చిన్నదే. సామ్రాజ్యాన్ని అద్దంలా వాడండి. దారులు, ఓడలు, చక్కెర, కాగితం మీద వేలిముద్రలు దాంట్లో బ్రహ్మాండంగా కనిపిస్తాయి. కిటికీ సీటు అడిగిన మనిషి మాత్రం కనిపించడు. ఆయన కోసం అద్దం తీసి, ఫోన్ చెయ్యాలి. సెలవు రోజు చూసుకుని చెయ్యండి.

పోయిన వారం ఫోన్ చేసింది లావణ్యే. నిజామాబాద్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. ఇది రాయడం పూర్తయ్యేలోపే ఆమె మొదటి క్లాసు అయిపోయింది, నా సలహా అందలేదు. నిన్న మళ్లీ ఫోన్ చేసింది. ఎర్ర చెద్దరు మోసుకుని రెండు బస్సులు మారి వెళ్లిందట.

"ఎట్లయింది?" అని అడిగాను.

"మంచిగనే అయింది సార్. అంత విన్నంక ఎనుక బెంచీల పోరడు లేసి, మేడమ్, దీనికి జాబ్ ఉంటదా అన్నడు."

"ఏం చెప్పినవ్?"

"నాకు దొరికింది, మా సార్‌ది పోయింది, సగం సగం అని చెప్పిన."